గుమ్మడి పిందెకు చూపిన వేలు

నా చిన్నప్పుడు ఒక వానకాలమంతా నేను గుమ్మడి పాదుకు భయపడుతూ గడిపాను. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది గానీ, అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ భయంతో అన్నం కూడా సయించేది కాదు.

మా నాన్నకు థర్మల్ కరెంటు కేంద్రంలో ఫిట్టర్ పని దొరికాక, రాయచూరు బజారులోని ఇల్లు వదిలి కృష్ణ ఒడ్డున కొత్తగా కట్టిన క్వార్టర్స్‌కు వచ్చాం. రెండు గదులు, వెనకాల నాలుగు మంచాలు పట్టేంత జాగా. ఆ జాగా ఖాళీగా పడి ఉంటే మా అవ్వకు, అంటే నాన్నను కన్నతల్లికి, ప్రాణం ఊరుకోలేదు. స్నానాల నీళ్ళు పోయే చోట గుంత తీసి, పేడ ఎరువు వేసి, ఊరి నుంచి కొంగున కట్టి తెచ్చుకున్న గుమ్మడి గింజలు పెట్టింది. తొలి వానలకు మొలిచిన పాదు చూస్తుండగానే గోడెక్కింది. చేటలంతేసి ఆకులు, ఆకుల మధ్య పసుపు పూలు.

అప్పటికి మా అమ్మకు ఏడో నెల. అంతకు ముందు ఏడాది ఆరో నెలలో కడుపులోనే ఒక బిడ్డ పోయింది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. కానీ అమ్మ ఎన్నో రోజులు గోడ వైపు తిరిగి పడుకోవడం, అవ్వ చప్పుడు కాకుండా గిన్నెలు తోమడం నాకు గుర్తే. అందుకే ఈసారి ఇంట్లో అందరూ మెల్లగా నడిచేవాళ్ళు. నాన్న షిఫ్టు నుంచి వచ్చాక చెప్పులు విప్పకముందే అమ్మ ముఖం చూసేవాడు.

పాదుకు మొదటి పిందె కనిపించిన రోజు నేను సంబరం పట్టలేక, "అవ్వా, గదిగో!" అని వేలు చాపి అరిచాను. అవ్వ పరుగెత్తుకొచ్చి నా చేతి మీద ఒక్కటేసింది. "పిందెకు వేలు చూపిస్తరానే ఎవరన్నా? కుళ్ళి రాలిపోతది. కొరుక్కో, వేలు కొరుక్కో!" అంది. కొరుక్కున్నాను. అయినా మూడో రోజుకు ఆ పిందె పండుబారి, కొస మెత్తబడి రాలిపోయింది. తర్వాతిదీ అంతే. ఆ పైదీ అంతే. వాటికి నేను వేలు చూపించానో లేదో నాకే తెలియకుండా పోయింది.

ఒక సాయంత్రం తలుపు చాటు నుంచి అవ్వ నాన్నతో అంటున్న మాట విన్నాను. "పాదు మీద ఒక్క పిందె నిలుస్తలేదురా. ఇంట్ల ఆడమనిషి గిట్లున్నప్పుడు గిది మంచి శకునం కాదు. నాకు జర పరేషాన్‌గుంది." నాన్న తల తిప్పి అమ్మ పడుకున్న గది వైపు చూశాడు. ఆ చూపు నాకు అవ్వ మాట కంటే ఎక్కువ భయం పుట్టించింది. నా వేలు వల్ల పిందె రాలింది. పిందె రాలితే అమ్మ కడుపులో ఉన్నదానికి ఏమవుతుంది?

ఆ రోజు నుంచి కుడిచెయ్యి పిడికిలి బిగించుకునే తిరిగాను. బడిలో పంతులుగారు పటంలో కృష్ణా నదిని చూపించమంటే చూపించలేదు. అరచేతి మీద రెండు దెబ్బలు తిన్నాను గానీ వేలు మాత్రం చాపలేదు. ఒకనాడు అమ్మ నవ్వుతూ, "ఇటు రాయే, పాప తంతున్నది, చెయ్యి పెట్టి చూడు" అని పిలిచింది. నేను బయటికి పారిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ ముఖంలో నవ్వు లేదు. ఎందుకు పారిపోయానో ఆమెకు చెప్పలేను. చెబితే అదే నిజమైపోతుందని నా భయం.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. కోస్తా నుంచి వచ్చి తుర్విహాళ అనే ఊరి దగ్గర కాలువ కింద వరి పండించేవాళ్ళ పిల్ల. భర్తను వదిలి వచ్చేసి, మా నాన్నతో కలిసి పనిచేసే తన అన్న దగ్గర ఉంటోంది. కాలనీలో ఆడవాళ్ళు ఆమె మాట వస్తే గొంతు తగ్గించేవాళ్ళు. ఒక ఆదివారం నేను వెనకాల కూర్చుని చూపుడువేలికి పాత గుడ్డపేలిక చుట్టుకుంటుంటే గోడ మీద నుంచి చూసి, "ఏంటమ్మా, వేలు తెగిందా?" అంది. ఆ మాటకే నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

ఆమె గోడ చుట్టూ తిరిగి వచ్చి, బట్టలుతికే బండ మీద నా పక్కన కూర్చుంది. నేను వెక్కుతూ అంతా చెప్పాను. నవ్వలేదు. పిచ్చిదానా అనలేదు. లేచి వెళ్ళి ఆకులు ఎత్తి ఎత్తి చూసింది. "దీని మీద తేనెటీగలు వాలడం ఎప్పుడైనా చూశావా?" అని అడిగింది. లేదన్నాను. "మందేమైనా చల్లుతున్నారా?" ఎర్ర పురుగులు ఆకులు తింటున్నాయని నాన్న రోజూ పొద్దున షిఫ్టుకు వెళ్ళేముందు తెల్లటి పొడి చల్లుతున్నాడని చెప్పాను.

"పూలు విచ్చుకునేది పొద్దున్నేగా. అప్పుడు మందు చల్లితే ఈగలెలా వస్తాయి?" అంది. ఒక పువ్వు కింద చిన్న బుడిపె చూపించింది. అది ఆడపువ్వట. ఉత్త కాడ మీద నిలబడ్డది మగపువ్వట. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అంటకపోతే పిందె ఎదగదట. రేపు తెల్లారగానే రమ్మంది. అవ్వతో కూడా తనే మాట్లాడి, నాన్న చేత మందు ఆపించింది.

మర్నాడు రెండు ఆడపూలు పక్కపక్కనే విచ్చుకోబోతున్నాయి. ఒకదాన్ని విచ్చుకోనివ్వకుండా దారంతో కట్టేసింది. ఇంకోటి విచ్చుకున్నాక, ఒక మగపువ్వు తెంపి, రేకులు చీల్చేసి, నడిమి కాడను ఆ ఆడపువ్వు లోపల మెల్లగా రాసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇప్పుడు పుప్పొడి పెట్టినదానికి వేలు చూపించు. కట్టేసినదానికి మాత్రం చూపించకు" అంది.

నేను చెయ్యి వీపు వెనక దాచుకున్నాను. "వద్దక్కా, అమ్మకు ఏమన్నయితది" అన్నాను.

"అమ్మ కడుపులో బిడ్డకీ ఈ కాయకీ ఏ సంబంధమూ లేదు. మనం చూస్తున్నది నీ వేలి సంగతి ఒక్కటే," అంది. చేతికంటిన పుప్పొడి దులుపుకుంటూ, "వేలు చూపిస్తేనే రాలిపోయేటట్టయితే, మా ఊళ్ళో నన్ను చూపించిన వేళ్ళకి నేనెప్పుడో రాలిపోవాలమ్మా" అంది. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆమె మాత్రం బలవంతపెట్టలేదు, పక్కనే నిలబడి ఎదురుచూసింది. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని వేలు చాపాను.

ఆ నాలుగు రోజులు నేనెలా బతికానో నాకే తెలియదు. బడి నుంచి రాగానే సంచి విసిరేసి పాదు దగ్గరికి పరుగు. రెండో రోజు రెండూ ఒకేలా ఉన్నాయి. మూడో రోజు కట్టేసిన పిందె పండుబారింది. నేను వేలు చూపించినది నిమ్మకాయంత అయి, నిగనిగలాడుతోంది. నాలుగో రోజు పండుబారినది బురదలో పడి ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను.

"అయితే మా పాప బతుకుతదా అక్కా?" అన్నాను.

అవునని చెప్పడం ఆమెకు ఎంత తేలిక! చెప్పలేదు. "ఆ సంగతి నాకూ తెలీదమ్మా. అమ్మను డాక్టరమ్మ చూస్తోంది. భయం మనందరికీ ఉంది. కానీ అందులో నీ తప్పు మాత్రం లేదు."

ఆ రాత్రి అమ్మ పక్కన పడుకుని కడుపు మీద చెయ్యి పెట్టి చూశాను. పాప లోపల నుంచి తన్నింది. అమ్మ నా వేళ్ళ మీద తన చెయ్యి వేసి అలాగే ఉంచుకుంది.

తొమ్మిదో నెల నిండకముందే ఒక మధ్యాహ్నం అమ్మకు నొప్పులొచ్చాయి. నాన్న డ్యూటీలో ఉన్నాడు. అక్క వానలో గేటు దాకా పరుగెత్తి జీపు పిలిపించింది. అవ్వ గుమ్మం పట్టుకుని అక్కతో, "నువ్వు తోడు పో బిడ్డా, నాకు కాళ్ళు ఆడుతలేవు" అంది. సాయంత్రం దాకా నేనూ అవ్వా గడపలో కూర్చున్నాం. అవ్వ తనలో తను, "నేనే నోరు జారిన, అశుభం మాట్లాడిన" అని గొణుక్కుంటూ ఉంది. అంత పెద్దామె తనను తాను తిట్టుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఆమె చేతులు పట్టుకుని, "ఇందుల నీ తప్పేం లేదవ్వా" అన్నాను. అవ్వ నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చింది.

దీపాలు పెట్టే వేళకు నాన్న తడిసి ముద్దయి వచ్చి చెప్పాడు. ఆడపిల్ల. బరువు తక్కువ, కానీ గట్టిగా ఏడ్చింది. ఆ చెల్లెలికి ఇప్పుడు పెళ్ళీడు కొడుకున్నాడు. అక్క మాత్రం మరుసటేడు సింధనూరులో కుట్టుపని నేర్పే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయింది. మళ్ళీ కలవలేదు.

ఎవరైనా తమ భయం నాతో చెప్పుకుంటే, అది ఎంత వెర్రిదైనా సరే, నేను నవ్వలేను. అంతా మంచే జరుగుతుందని మాట ఇవ్వడమూ నాకు చేతకాదు. పక్కన కూర్చుంటాను. కలిసి వెళ్ళి చూడగలిగినదేదైనా ఉంటే, లేచి వాళ్ళతో వెళ్తాను.