దారం కింద గీత

పంచాయతీ గోడకు అంటించిన మ్యాపులో ఒక ఎర్రగీత మా చెరుకు చేల మధ్య వంకర్లు తిరిగి తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి కలిసింది. గీత లోపలి భూమి గోదాములకు పోతుంది, బయటిది మిగులుతుంది. పలుకుబడి ఉన్నవాళ్ల చేలన్నీ తప్పించుకుంటూ గీశారాయె, మెలికలు తిరగక ఏం చేస్తుంది! మా చేను ఆ మెలికల నడుమ ఇరుక్కుంది. లోపలో బయటో కంటికి తేలలేదు.

అప్పుడు నేను నిజామాబాదులో డిగ్రీ చదువుతున్నాను. ఆ వారమే లెక్కల క్లాసులో చెప్పారు. మూసుకున్న గీత ఎంత వంకరదైనా సరే, మన చోటు నుంచి సూటిగా బయటికి పోతూ దాన్ని ఎన్నిసార్లు దాటామో లెక్కపెట్టాలి. బేసి వస్తే మనం లోపల, సరి వస్తే బయట. నాకు పొగరెక్కింది. అమ్మ బీడీలకు కట్టే దారం తెచ్చి, ఒక కొస మా చేను మీద ఆనించి, రెండోది మ్యాపు అంచుకు లాగి పట్టాను. పదిమందీ చూస్తుండగా లెక్కపెట్టాను. నాలుగు వచ్చింది.

“లోపటనా, బయటనా బిడ్డా?” అన్నాడు బాపు.

“బయటనే బాపు. ఫికర్ చెయ్యకు.”

పక్క చేలవాళ్లు ఎందుకైనా మంచిదని బోధన్ పోయి అభ్యంతరం రాసిచ్చారు. బాపును పిలిస్తే, “మా బిడ్డ లెక్కజూసింది, మాకు అవసరం లేదు” అని నవ్వాడు. గడువు దాటిపోయింది.

చెరుకు ఇంకా నరకకముందే మా చేలో హద్దురాళ్లు పాతారు. మళ్లీ ఆ గోడ దగ్గరికి పరుగెత్తాను. ఈసారి దారం పెట్టకుండా చూశాను. ఒకచోట గీత నేను దారం పెట్టిన దారిలోకి వచ్చి, తాకి, వచ్చిన వైపుకే తిరిగిపోయింది. తాకడం దాటడం కాదు. అదీ క్లాసులో చెప్పారు. దారం కింద ఆ మలుపు దాగిందని సర్దిచెప్పుకోవచ్చు గానీ, నేను వంగి చూడలేదు, అంతే. దాటింది మూడుసార్లే.

రాసిచ్చినవాళ్లలో ఇద్దరి చేలు వదిలేశారు. నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు ఆ పాఠం నేనే చెబుతున్నాను.

బాపు ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. మొన్న తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టాడు.

“రాయి బిడ్డా. నువ్వు లెక్కవెట్టినంక గీత జరిపిండ్రని రాయి. నీ లెక్క తప్పుతదా?”

పెన్ను మూత తీశాను. ఆయన చెప్పింది చెప్పినట్టే రాసిచ్చాను.