పేరుతో చెప్పిన సాక్ష్యం

ఇరవై ఏళ్లుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని కీర్తనలు పాడుతున్నాను. పాట బయటికొస్తుంది. మాట రాదు. ప్రార్థనలో దేవునికి చెప్పాను, ఎన్నోసార్లు. ఆయనకు చెప్పడం తేలిక, ఆయనకు ముందే తెలుసు కదా. తెలియని మనిషికి చెప్పడమే కష్టం. మీరెవరో నాకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

నా తప్పంతా పేర్లలోనే ఉంది కాబట్టి ఇందులో ఆ కుటుంబం వాళ్ల పేర్లు రాయను.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఆయాసం. నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. రోజూ బైబిలు వాక్యం తెలుగులో చదివించి, మూసేసి, ఇంగ్లీషులో చెప్పమనేవారు. ఆ ఇంగ్లీషే నాకు అన్నం పెట్టింది, అందుకు ఈ రోజుకీ స్తోత్రం. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో యాదగిరన్న నెట్ సెంటర్ పెట్టి, టైపు రానివాళ్లకు మెయిల్ రాసిపెట్టడానికి నన్ను కూర్చోబెట్టాడు. మెట్ల కింద అర. ప్లైవుడ్ చెక్కల మధ్య కంప్యూటర్లు. రెండు వేల సంవత్సరం దాటిన తొలిరోజులవి.

నేను ఆంటీ అని పిలిచే ఒక పెద్దావిడ అక్కడికే వచ్చారు. నాంపల్లి స్టేషన్ పక్క గల్లీలో కిరాయి గది, చీరలకు ఫాల్ కుట్టి బతుకు. ఆవిడ బర్మా కాందిశీకురాలు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి బర్మాకు కూలికి పోయిన తెలుగువాళ్లు, అరవైలలో అక్కడ ఉండలేక, ఉన్నదంతా వదిలేసి ఓడెక్కి తిరిగొచ్చారు. వాళ్లను కాందిశీకులన్నారు. ఆంటీ అప్పుడు పావడా కట్టే పిల్ల. అక్క మాత్రం అక్కడి మనిషిని పెళ్లి చేసుకుని ఉండిపోయింది. ఓడ కదులుతుంటే రేవులో నిలబడి చెయ్యి ఊపిందట. అంతే. తర్వాత ఒక కబురు లేదు.

"ఈ డబ్బాలో మనుషులు దొరుకుతారంట, నిజమేటమ్మా?" అని అడిగారు ఆంటీ.

"దొరుకుతరు పెద్దమ్మా," యాదగిరన్న నవ్వాడు. "గీడ కూసొని పోరగాండ్లు అమెరికా పిల్లలనే దొరకబడుతున్రు. మీ అక్క దొరకదా? జర ఓపిక వట్టున్రి."

బర్మా నుంచి చెల్లాచెదురైన వాళ్లు ఒకరినొకరు వెతుక్కునే పేజీ ఒకటి దొరికింది. ఆంటీ తాతగారి పేరు, శ్రీకాకుళం దగ్గర వాళ్ల సొంతూరు మాత్రం అందులో రాసి పెట్టాను. ప్రార్థన చేసి వదిలేశాను. వానాకాలం వెళ్లాక జవాబొచ్చింది. రాసింది అక్క కూతురు. ఆ దేశపు సైన్యానికి ఎదురుతిరిగిన విద్యార్థులతో కలిసి, హద్దు దాటి పారిపోయి, థాయ్‌లాండ్ అంచున శరణార్థుల శిబిరంలో ఉంది. అక్కడొక సేవాసంస్థ వాళ్లకు కంప్యూటర్ నేర్పుతోందట. అమ్మ ఉండే ఊరు, వీధి చెప్పి, గొంతు వినాలని ఉంది, పిన్నిని ఫలానా శనివారం తీసుకురమ్మని రాసింది.

ఆ శనివారం ఒక్కటే హెడ్‌ఫోను. ఒక చెవి ఆంటీది, ఒక చెవి నాది. మొదట గరగర. ఎక్కడో కోడి కూసింది. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు.

"పిన్నీ... బువ్వ తిన్నావేటి?"

ఎప్పుడూ మన నేల తొక్కని పిల్ల. ఏ అడవి అంచునో, ఏ రేకుల కిందో కూర్చుని, శ్రీకాకుళం మాటను ఎవరూ ముట్టని వెండిగిన్నెలా దాచుకుని తెచ్చి ఆంటీ చేతిలో పెట్టింది. ఆంటీ కంప్యూటర్ తెరను పిల్ల బుగ్గలా నిమిరారు. దేవుడు ఇంత సన్నని తీగలోంచి నడుస్తాడని నాకు అంతకుముందు తెలియదు. ఇప్పుడు అందరి జేబుల్లో ఆ తీగ ఉంది. అయినా ఆ మధ్యాహ్నం తలుచుకుంటే నేను ఇప్పటికీ తల వంచుతాను.

ఆ పిల్ల ఇంకో మాట కూడా చెప్పింది. ఒక చెవి నాది కదా, నేనూ విన్నాను.

"నానిక్కడున్నానని అమ్మకొక్కదానికే తెలుసు పిన్నీ. పొరుగూళ్లో పనికెళ్లానని వీధిలో సెప్పింది. ఇంకెవులికీ తెలీకూడదు. తెలిస్తే అమ్మని ఇంట్లో ఉండనివ్వరు. ఎండాకాలం దాటనీ, అమ్మని ఏరు దాటించి ఈ ఒడ్డుకి తెప్పిస్తాం. నీ పక్కనే కూకున్నట్టు మాటాడుకుందురు గాని."

ఇదీ సంగతి. రేవులో విడిపోయిన ఇద్దరు అక్కచెల్లెళ్లు ముసలితనంలో ఒకరి గొంతు ఒకరు వినడానికి ఒక్క ఎండాకాలం అడ్డం. ఎవరూ నోరు విప్పకుండా ఉంటే చాలు.

నేను విప్పాను.

మా సంఘంలో ఆదివారం సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. దేవుడు చేసిన మేలును పదిమందిలో చెప్పాలి. పేరు చెప్పాలి, ఊరు చెప్పాలి. "పేరు లేని సాక్ష్యం గాలిమాట" అనేవారు నాన్న. ఆ ఆదివారం లేచి నిలబడి అంతా చెప్పాను. పెద్దవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు దగ్గరికి పిలిచి, "మన సంఘానికి కొత్తగా వెబ్‌సైట్ పెట్టినం గదమ్మా, బయటి దేశాలోళ్లు చదువుతరు. ఇది ఇంగ్లీషులో రాసియ్యి," అన్నారు.

రాశాను. ఆంటీ పేరు, అక్క పేరు, ఆ ఊరు, ఆ వీధి, హద్దు దాటిన కూతురు.

ఆ పిల్ల హెచ్చరిక మరిచిపోయానా? మరిచిపోయి ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు. గుర్తుంది. రాస్తున్నంతసేపూ గుర్తుంది. మా చిన్న సంఘం పేజీని ఆ దేశంలో ఎవరు చూస్తారులే అనుకున్నాను. పేర్లు తీసేస్తే దేవుని మహిమలో కోత పెట్టినట్టవుతుందనుకున్నాను. అవి రెండూ సాకులు. వాటి కింద ఉన్నది వేరే. బడి గడప తొక్కని పిల్ల రాసిన ఇంగ్లీషు, కింద నా పేరుతో, దేశదేశాల్లో చదువుతారన్న సంబరం. కృతజ్ఞత అనే పట్టుచీర కట్టుకుని గర్వం నాలో కూర్చుందని నాకప్పుడు తెలియలేదంటే నమ్మకండి. కొంచెం తెలుసు.

ఎండాకాలం దాటకముందే ఆ పిల్ల మెయిల్ వచ్చింది. సైనికులు ఇంటికొచ్చారు, అమ్మను తీసుకెళ్లారు, వాళ్ల చేతిలో ఇంగ్లీషులో అచ్చయిన కాగితం ఉంది, అందులో పిన్ని పేరు, హైదరాబాదు పేరు ఉన్నాయని ఇరుగుపొరుగు చెప్పారు. ఆ మెయిల్ ఆంటీకి చదివి వినిపించింది నేనే. ఒక్క పదం మార్చకుండా చదివాను. ఆ మాత్రం నిజాయితీ ఉందనుకున్నాను.

ఆంటీ నా మొహంలోకి చూశారు.

"నువ్వెవరికన్నా సెప్పినావేటమ్మా?"

"లేదాంటీ."

"నిజం సెప్పు తల్లీ. నానేటీ అనను."

"నేనెవరికి చెప్తానాంటీ? మీరే ఎవరితోనైనా అన్నారేమో గుర్తుచేసుకోండి."

అలా అన్నాను. నా నోరే అంది.

ఆవిడ గుర్తుచేసుకున్నారు. పక్కగది మంగమ్మతో ఒకసారి ఏడుస్తూ చెప్పుకున్నారట. మంగమ్మ కొడుకు కంప్యూటర్ కోర్సు చదువుతున్నాడట. అంతే, ముప్పై ఏళ్ల స్నేహం ఆ రోజుతో తెగింది. మంగమ్మ గడపలో నిలబడి, "నేనెందుకు చెప్తనే? నీ అక్క నాకు అక్క కాదా?" అని ఏడ్చిందని ఆంటీయే నాకు చెప్పారు. విన్నాను. టీ తెప్పించి ఇచ్చాను.

పాస్టరుగారి దగ్గరికి వెళ్లి ఆ పేజీలో తప్పులున్నాయని చెప్పి తీయించేశాను. తప్పులున్నాయన్నది నిజమే కదా అని ఇంటికొచ్చే దారంతా నాకు నేనే చెప్పుకున్నాను. గన్‌ఫౌండ్రీ దగ్గర ఆటోలు హారన్లు కొడుతుంటే రోడ్డు మధ్య నిలబడిపోయాను.

అక్క తిరిగి రాలేదు. కబురూ రాలేదు. ఆంటీ ఆ తర్వాత కూడా కొన్నేళ్లు శనివారాలు వచ్చి, ఆ పిల్లతో మాట్లాడి, ఆఖరున ఒకటే అడిగేవారు, "అమ్మ ఏమన్నా...?" అని. అటునుంచి గరగర వినబడేది. ఆంటీ పోయేనాటికి మంగమ్మతో మాటల్లేవు. మంగమ్మ మాత్రం వచ్చి స్నానం చేయించి, చీర కట్టింది.

ఆ పిల్ల ఇప్పుడో మంచు దేశంలో స్థిరపడింది. పిల్లల తల్లి. పండగలకు ఫోనులో మొహం చూపిస్తుంది. "అక్కా, నువ్వే లేపోతే నాకు పిన్ని ఎవులో తెలీదు," అంటుంది. కట్ చేశాక కూడా ఆ ఫోను చేతిలో చాలాసేపు వెచ్చగా ఉంటుంది. ఒకే తీగ ఇద్దరిని కలిపింది, ఒకరిని పట్టిచ్చింది. తీగను నేనేమనను. అది తెచ్చిన అద్భుతం అద్భుతమే. దాని ఈ చివర కూర్చున్నది నేను.

ఆ పిల్లకు చెప్పాలా? మంగమ్మకు చెప్పాలా? ముందు మంగమ్మకే అనిపిస్తోంది. ఆమె ఇంకా నాంపల్లిలోనే ఉంది. ఆమె క్షమిస్తుందన్న ఆశతో కాదు. క్షమించకపోతే బాగుండునని కూడా అనిపిస్తుంది ఒక్కోసారి.

కానీ ముందు ఆంటీ అడిగిన మాటకు జవాబు బాకీ ఉంది. వినడానికి ఆవిడ లేరు. మీరున్నారు.

చెప్పానాంటీ. మంగమ్మ కాదు, నేనే. తెలిసే చెప్పాను.