పైరు డాక్టరుది ఏ పార్టీ?

పదిమంది చదివితే ఊరంతా చదివినట్టు పొంగిపోయే వయసొకటి ఉంటుంది. నాకది రెండువేల ఎనిమిదిలో వచ్చింది. తెలుగులో బ్లాగులు అప్పుడప్పుడే మొలకెత్తుతున్న రోజులవి. టపా రాయడం, ఎవరైనా వ్యాఖ్య పెట్టారేమోనని గంటకోసారి పేజీ తెరిచి చూసుకోవడం. (చూసినవాళ్ల సంఖ్య బాగానే పెరిగేది. అందులో సగం నేనే.)

బాపట్లలో వ్యవసాయం చదువుకుని తెనాలిలో ఒక విత్తనాలు, పురుగుమందుల కొట్టులో చేరాను. మా ఇల్లు రేపల్లె. రోజూ రైల్లో వెళ్లొచ్చేదాన్ని. రాబోయే కాలమంతా ఇంటర్నెట్టుదేనని మా ఓనరు గారికి ఎవరో చెప్పారట. "అమ్మాయ్, నువ్వు కౌంటర్లో వద్దు. కంప్యూటర్లో రైతులకి సలహాలు రాయి" అన్నారు. జీతం తీసుకుని బ్లాగు రాసే మనిషి తెనాలి మొత్తంలో నేనొక్కదాన్నేనని నా నమ్మకం. ఆడపిల్ల చెబితే రైతులు వినరేమోనని 'పైరు డాక్టర్' అనే పేరు కూడా ఆయనే పెట్టారు. రైతులకి కంప్యూటర్లెక్కడివి? రేపల్లెలో నెట్ సెంటర్ నడిపే భాయ్ ఒకాయన నా టపాలు ప్రింటు తీసి రైస్ మిల్లు గోడకి అంటించేవాడు. ధాన్యం తెచ్చినవాళ్లు నిలబడి చదివేవాళ్లు. వాళ్లలో పక్క ఊరి నుంచి వచ్చే మా పెదనాన్న ఒకరు. ఆ డాక్టరు నేనేనని ఆయనకి తెలీదు. నేను కొట్టులో బిల్లులు రాస్తున్నాననుకునేవారు.

ఇంతలో ఎన్నికల గాలి మొదలైంది. ఒక సాయంత్రం ఎవరో నాయకుడి ఊరేగింపులో ఇరుక్కుని నా రైలు తప్పిపోయింది. ఆ మంటతో మర్నాడు, యూరియా గురించి రాయాల్సిన చోట, ఆ నాయకుడి పార్టీకి ఎందుకు ఓటెయ్యకూడదో మూడు పేజీలు రాసి పారేశాను. (రైలు సంగతి రాయలేదు. దేశం కోసమే బాధపడుతున్నట్టు రాశాను.) రెండు వ్యాఖ్యలు దాటని బ్లాగుకి సాయంత్రానికల్లా నలభై వచ్చాయి. సగం పొగడ్తలు, సగం తిట్లు. నిజం చెప్పొద్దూ, రెండూ తియ్యగానే ఉన్నాయి.

ఓనరు గారు నెత్తి పట్టుకున్నారు. "మనది మందుల కొట్టమ్మా! అన్ని పార్టీలవాళ్లూ వస్తారు."

"అభిప్రాయం చెప్పే హక్కు నాకు లేదాండీ?" అన్నాను. ఆ మాట వినడానికి నాకే ఎంత బాగుందో!

నెల తిరక్కుండా వరికి దుబ్బుల మొదట్లో రసం పీల్చే సుడిదోమ వచ్చిపడింది. 'వెంటనే చేలో నీళ్లు తీసేయండి, దుబ్బుల మొదళ్లు తడిసేలా మందు కొట్టండి' అని రాశాను. ఆదివారం పెదనాన్న ఊరు వెళ్తే ఆయన చేను నిండా నీళ్లున్నాయి. మధ్యలో చాప పరిచినట్టు అక్కడక్కడా పైరు ఎండిపోయి ఉంది.

"నీళ్లు తియ్యలేదేంటి పెదనాన్నా?"

"తీద్దామనే అనుకున్నానమ్మా. ఈలోగా ఆ పైరు డాక్టరు తియ్యమని రాశాడు. మా పార్టీని మూడు పేజీలు తిట్టినవాడి మాట విని నేను నీళ్లు తీస్తానా?"

"ఈ విషయంలో ఆయన చెప్పింది నిజమే. నేను చదువుకున్నదీ అదే."

"నీకు తెలీదు. వాడు అవతలివాళ్ల మనిషి."

"కాదు పెదనాన్నా. ఆ రోజు రైలు తప్పిందంతే."

"వాడికి రైలు తప్పిన సంగతి నీకెలా తెలుసే?"

"వాడు నేనే."

పెదనాన్న నన్ను చూశారు, చేనుని చూశారు, మళ్లీ నన్ను చూశారు. పంచె ఎగ్గట్టి, పార తీసుకుని గట్టుకి గండి కొట్టారు. నీళ్లు మురుగుకాలవలోకి పోతుంటే నేను ఒడ్డున నిలబడి ఏడ్చాను. ఆ ఏడు ఆయన చేలో పావు వంతుకి గింజ రాక గడ్డే మిగిలింది. "ఇకనుంచి పైరు సంగతి నువ్వు చెప్పు, నేను వింటా. ఓటు సంగతి నేను చూసుకుంటా" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది.

పైరు సంగతులు తప్ప ఇంకేమీ రాయనని ఓనరు గారికి మాటిచ్చాను. మరుసటి ఏడు నాట్ల వేళకి కాలవ నీళ్లు ఎగువనే ఆగిపోయాయి. చివరనున్న పెదనాన్న ఊరికి చుక్క రాలేదు. నేను బుద్ధిగా 'నారుమడిలో నీళ్లు పలచగా ఉంచండి' అని రాశాను. కొట్టుకి ఫోనొచ్చింది.

"ఏమ్మా, ఆ పలచటి నీళ్లు ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?" పెదనాన్న.

"కాలవ నుంచి."

"కాలవలో లేవు. ఎందుకు లేవో రాయవేంటి?"

"అది రాజకీయం పెదనాన్నా. నాకు సంబంధం లేదు."

"మరి పైరుకి ఉందిగా" అన్నారు.

రాశాను. ఈసారి కాలవ గట్టు వెంట తిరిగి, నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో నలుగురినీ అడిగి, కింద నా సొంత పేరు పెట్టి మరీ రాశాను. ఓనరు గారు గంటలో ఆ టపా తీయించేసి, నన్ను నిజంగానే బిల్లులు రాయడానికి కూర్చోబెట్టారు. తర్వాతి వారం వానలు కురిసి చేలు నిండాయి. నీళ్లు మేమే తెప్పించామని రెండు పార్టీలూ రేపల్లెలో బాణసంచా కాల్చాయి.

ఇప్పుడు నేను ఏ విషయం మీదైనా అభిప్రాయం చెప్పాలంటే మూడు రోజులు ఆలోచిస్తాను. మూడో రోజుకి ఆ విషయం జనం మర్చిపోతారు. దీన్ని అందరూ పెద్దరికం అంటున్నారు. నేనూ కాదనడం లేదు.