ప్లేటు చివర ఊపిరి

నా బొటనవేలి గోరంత కూడా లేదు, రికార్డు ప్లేయరుకు ముల్లు బిగించే ఈ కార్ట్రిడ్జ్. పాత లక్క ప్లేట్లకు లావు ముల్లు కావాలి, బరువు మాత్రం తక్కువ పడాలి అని నేను పట్టుబడుతుంటే, ఈ వయసులో ఈవిడకెందుకీ పిచ్చి అన్నట్టు చూశాడు దుకాణంలో కుర్రాడు. చూడనీ, నాకేం! ఇంటికొచ్చి డబ్బా విప్పితే చెమ్మ పీల్చే గుళికల పొట్లం ఒకటి కనబడింది. చెమ్మ అంటే చాలు, నాకు ఇప్పటికీ భయమే.

యాభైలనాటి కడప ఎండలు తలుచుకోండి. నల్లబండలు పరిచిన మా మిద్దెలో మధ్యాహ్నానికి కాలు కింద పెట్టలేకపోయేవాళ్ళం. కిటికీలకు తడిపిన గోనెపట్టలు వేలాడేవి, మైదుకూరు నుంచి బండిమీద వచ్చిన మామిడికాయలు మంచం కింద గడ్డిలో మాగుతుంటే ఇల్లంతా ఆ తీపివాసనే, మేము పిల్లలం ఆ మంచం మీదే చేరి అచ్చనగాయలు ఆడుకునేవాళ్ళం. సుభద్రత్త పోయిన దినం ఆ ఎండల్లోనే వచ్చేది.

అత్త మా నాయనకు చెల్లెలు. పదహారేళ్ళప్పుడు మద్రాసు పోయి ఒకే ఒక్క ప్లేటుకు పాడింది, పెళ్ళయింది, తొలికాన్పులో పోయింది. నేను పుట్టకముందు సంగతి. ఆ ప్లేటు పెద్దగా అమ్ముడుపోలేదు. మా ఇంట్లో ఒక్కటి మిగిలింది. ఏడాదికోసారి ఆ దినాన జేజి, అంటే నాయన తల్లి, కూతురికి ఇష్టమైన పూర్ణం ఓళిగలు చేసిపెట్టి, గ్రామఫోనులో ఆ గొంతు వినేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. నిజానికి పాట మీద ఆమెకు అంత ధ్యాస లేదు. చివరి చరణం ముందు అత్త గట్టిగా ఊపిరి తీసుకుంటుంది. దానికోసం బాకాకు చెవి ఆనించి కూచునేది.

ఆ ఊపిరే ఏటేటా సన్నబడుతూ వచ్చింది. ఉక్కు ముల్లు తిరిగిన ప్రతిసారీ ప్లేటు మీద నల్లటి పొడి లేచేది. ఇట్లాగే వాయిస్తే ఆ చోటు ఇక వినబడదని నాయన అమ్మతో చెబుతుంటే విని నేను బిక్కచచ్చిపోయాను. ఆయన మద్రాసులో వాకబు చేయించి, ప్లేటు మీద తేలిగ్గా ఆనే ముల్లుతో, ఇంట్లో ఉన్న రేడియోకు తీగతో తగిలించే కరెంటు పికప్ తెప్పించాడు. గ్రామఫోనుకు ఉక్కు ముల్లు బిగించే బరువైన పాత సౌండుబాక్సు ముందర అది పిట్టకాలంత తేలిక. లోపల స్ఫటికంలాంటిది ఉంటుంది, వేడి తగిలితే చెడుతుంది, జాగ్రత్త అని తెచ్చినాయన మరీమరీ చెప్పి పోయాడు. ఆ ఊళ్ళో ఆ నెలలో వేడి తగలని చోటెక్కడ? బీరువాలో పెడితే బీరువా కాలిపోతోంది, పెట్టెలో పెడితే పెట్టె. చివరికి నేను దాచిపెడతాలే అని జేజి తీసుకుంది.

దినం రానే వచ్చింది. నాయన పికప్ అడిగితే జేజి వంటింటి మూలకు పోయి, నీళ్ళకుండ కింది తడి ఇసుకలోంచి గుడ్డమూట తీసింది. తమలపాకులు వాడిపోకుండా చుట్టిపెట్టే తడిగుడ్డ అది. మా ఇంట్లో ఎండకు చెడకూడనిదేదైనా చేరేది అక్కడికే. నాయన మొహం మారింది. తుడిచాడు, రేడియోకు తీగ తగిలించాడు, గ్రామఫోను తాళం తిప్పాడు. ప్లేటు తిరుగుతోంది, రేడియోలోంచి గుయ్యిమనే మోత తప్ప ఏమీ రాదు. తీగలు మార్చాడు, మరలు బిగించాడు. ఆఖరికి మూత విప్పి చూస్తే, స్ఫటికం తడిసిన బెల్లంముక్కలా కరిగిపోయి ఉంది. అది ఒక రకం ఉప్పేనని, దానికి ఎండ ఎంత చేటో చెమ్మా అంత చేటని మాకెవరు చెప్పారు!

"ఎండకు చెడతాదంటిరి కదప్పా. చల్లంగుంటే నిలుస్తాదని నేనే పెట్నా" అంది జేజి.

పొద్దున్నుంచి ఆమె గొంతు తడుపుకోలేదు, పెదాలు ఎండి తెల్లబడ్డాయి. నాయన తల్లిని చూశాడు, ప్లేటును చూశాడు, పాత సౌండుబాక్సు తెచ్చి ఉక్కు ముల్లు బిగించాడు. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. వాయిస్తే అత్త పోతుంది, వాయించకపోతే జేజి నీళ్ళు ముట్టదు. నాకు ఏడుపొచ్చింది. ముల్లు ప్లేటు మీదికి వంగుతుండగా జేజి అడ్డంగా అరచెయ్యి పెట్టింది.

"వద్దు నాయనా. నా బిడ్డ ఊపిరి ఉండాది దాంట్లో. ఇంగ గీకొద్దు. నీళ్ళియ్యండి, తాగుతా."

తాగింది. ప్లేటును కొంగుతో తుడిచి తనే అట్టసంచిలో పెట్టింది. మరుసటి ఎండలకల్లా నాయన ఇంకో పికప్ తెప్పించి, చెమ్మ తగలకుండా బిరడా సీసాలో దాచాడు. అప్పటికి జేజి లేదు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ ఆ ప్లేటు మీద ఏ ముల్లూ పెట్టలేదు.

ఇవాళ నేను పెట్టాను. రెండుసార్లు చెయ్యి వెనక్కి తీశాను. పెట్టాక పొడి లేవలేదు. గరగరల వెనకనుంచి పాట వచ్చింది, చివరి చరణం దగ్గరపడింది. స్పీకరుకు చెవి ఆనించి కూచున్నాను. సన్నగా, కానీ స్పష్టంగా, వచ్చింది. ఆ మిద్దె పడగొట్టేశారు, ఇసుక మీద కుండ పెట్టేవాళ్ళు లేరు, ఇది సుభద్రత్త ఊపిరేనని గుర్తుపట్టి చెప్పడానికి ఆమెను చూసిన మనిషి ఒక్కరూ మిగల్లేదు.

"జేజీ, వినబడతాండాది" అన్నాను, పైకే.

తర్వాత లేచి మంచినీళ్ళు తాగాను. పొద్దున్నుంచి ముట్టలేదు.