పెనం మీద ప్లగ్గులు

మొన్న శనివారం మా అమ్మాయి వాళ్ళ పెద్ద కారులో ఉప్మాక వెంకన్న దర్శనానికని బయలుదేరి, అనకాపల్లి దాటామో లేదో కారు కుదుపులు మొదలుపెట్టింది, స్టీరింగు ముందు పసుపు లైటు కూడా వెలిగింది. ఇంజనే పోయిందనుకుని అమ్మాయి ముఖం పాలిపోయింది. మెల్లగా వెనక్కి తిప్పి షెడ్డుకు తీసుకువెళితే, మెకానిక్ విప్పి చూసి, "ఇంజనుకేటీ అవలేదమ్మా, ప్లగ్గులే అరిగిపోయేయి" అని కొత్తవి బిగించాడు. గుండెల మీంచి బండ దించినట్టయింది. అమ్మాయి నవ్వేసింది గానీ, నేను మాత్రం ఆ పాత ప్లగ్గు ఒకటి చేతిలో పట్టుకుని అక్కడి బల్ల మీద కూర్చుండిపోయాను.

ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ఈ ప్లగ్గు సంగతి మన ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు. స్కూటరు దారిలో ఆగితే మగవాళ్ళు అది విప్పి గరుకు కాగితంతో రుద్ది ఉఫ్ఫుమని ఊదుతుంటే, మనం కొంగు నెత్తిన వేసుకుని ఎండలో ఎన్నిసార్లు నిలబడలేదు గనక.

మా అత్తవారిది అనకాపల్లికి దగ్గరి పల్లె, చెరుకు వ్యవసాయం. బెల్లం మార్కెట్టుకు తిరగడానికని మామగారు ఒక పాత పెట్రోలు జీపు కొన్నారు. ఎండాకాలమంతా బుద్ధిగా తిరిగి, వాన పడితే మాత్రం అలిగి కూర్చునేది. నేనూ ఆ జీపూ ఒకే ఏడు ఆ ఇంట అడుగుపెట్టాం, అత్తగారికి మా ఇద్దరి మీదా ఒకటే చిరాకని నేననుకునేదాన్ని. ఆవిడకు వంటిల్లంటే గర్భగుడి, స్నానం చేయకుండా గడప దాటితే కన్నకొడుకు మీదైనా గరిటె తిరగేసేవారు.

తొలికాన్పుకు నేను పుట్టింటికి వెళ్ళాల్సిన వారంలోనే, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, తన వల్ల కాదు, వెంటనే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళకపోతే ఇద్దరమూ దక్కమని చెప్పేసింది. జీపు ఎంతకీ స్టార్టు కాలేదు. మా ఆయన ప్లగ్గులు విప్పితే నాలుగూ తడిసి ముద్దయి ఉన్నాయి, తుడిస్తే సరిపోలేదు, వేడి మీద ఆరబెట్టాలి, ఇంట్లో నిప్పున్నది ఆ వంటింటి పొయ్యిలోనే. బురద కాళ్ళతో, పెట్రోలు చేతులతో ఆయన గడప దగ్గర ఆగిపోయారు.

అత్తగారు ఆ ప్లగ్గులు లాక్కుని అట్ల పెనం మీద పడేసి, "ఏటలా సూత్తన్నావు, లోపలికొచ్చి పొయ్యి ఊదు. దానికేటైనా అయితే నీ పని సెప్తాను" అన్నారు. ఆ 'దానికి' అన్నది జీపును కాదు, నన్నేనని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. కాలిపోతున్న ప్లగ్గుల్ని గుడ్డలో పట్టుకెళ్ళి బిగిస్తే జీపు కదిలింది. దారి పొడవునా నా తల ఆవిడ ఒళ్ళోనే ఉంది, వెంకన్నకు మొక్కుతూ మధ్య మధ్య జీపును తిడుతూనే ఉన్నారు. పొద్దుగూకే వేళకు మా అమ్మాయి పుట్టింది, నేనూ బతికాను. అదే చనువుగా తీసుకుని మరో వానకు మా ఆయన మళ్ళీ ప్లగ్గులు పట్టుకుని వంటింట్లోకి వెళితే, ఆవిడ వీధి గుమ్మం దాకా తరిమికొట్టారు.

ఇప్పటి కార్లు బొత్తాం నొక్కితే చాలు, చప్పుడు లేకుండా కదులుతాయి. ఇదే మేలు. ఆ రోజులే బాగున్నాయని నేను చచ్చినా అనను. మా అమ్మాయి ఎంత వానలో బయలుదేరినా నాకిప్పుడు బెంగ లేదు. అత్తగారు పోయి చాలాకాలమైంది. ఉన్నన్నాళ్ళూ నన్ను తిడుతూనే ఉన్నారు గానీ, ఆ కాన్పు తర్వాత ఒక్క తిట్టూ నాకు గుచ్చుకోలేదు. ఆ ముసురులో జీపు తిప్పగానే స్టార్టయి ఉంటే, నేనంటే ఆవిడకు ఎంత ప్రాణమో నాకెప్పటికీ తెలిసేది కాదు.