ఫ్లాస్కులో మిగిలిన ఊవా టీ

నాకు దయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు లేకుండా మనుషులే వీధిలోకి రాలేని దేశంలో దయ్యాలెలా తిరుగుతాయమ్మా అని తోటివాళ్లను ఎగతాళి చేసేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది దయ్యం సంగతని కూడా అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది పుంగనూరు పక్కన పల్లె. తొమ్మిదేళ్లుగా జిద్దాలో ఒకే ఇంట్లో వంటపని చేస్తున్నాను. యజమానిని బాబా అంటాం. ఆయనకు పాతబస్తీ బలద్‌లో టీ దుకాణం ఉంది, సరుకంతా శ్రీలంకది. నాతోపాటు ఆ ఇంట్లో పనిచేసిన సెల్వి అక్కదీ శ్రీలంకే, ఊవా కొండల్లోని టీతోట. నాకొచ్చిన అరకొర అరవం, ఆమె నా దగ్గర నేర్చుకున్న తెలుగు కలిపి మాట్లాడుకునేవాళ్లం.

అంతవరకు నాకు టీ అంటే టీ, అంతే. అందులోనూ ఊళ్లుంటాయని అక్కే నేర్పింది. అన్నిటికంటే ఎత్తున పండే నువరెలియా టీ లేత రంగు, పూల వాసన. కాస్త దిగువన డింబులా, తేటగా ఉంటుంది. క్యాండీది ఇంకొంచెం చిక్కన. సముద్రం వైపు పల్లంలో పండే రుహునా నల్లగా, ఘాటుగా ఉంటుంది.

"నువరెలియా కొత్తకోడలు చెల్లీ, పాలు పోస్తే ముడుచుకుంటాది. రుహునా ఆడబిడ్డ, ఏం పోసినా దానిదే పైచేయి" అనేది అక్క.

ఇక ఊవా. ఎండుగాలి వీచే నెలల్లో కోసిన ఆకైతే, పుదీనా వెయ్యకుండానే వేసినట్టు గొంతులో చల్లగా దిగుతుంది. దాని పేరెత్తితే చాలు, అక్క ముఖం మారిపోయేది.

నాకు ఇంగ్లిషు, అరబీ చదవడం రాదు. ఇంట్లో టీ డబ్బాలన్నీ ఒకే రకం. అందుకని అక్క అల్మరానే కొండ చేసింది. ఎత్తున పండేది పై అరలో, పల్లంలోది అడుగున. ఊవా రెండో అరలో కుడి చివర. నేను చూడకుండానే చెయ్యి పెట్టి తీసేదాన్ని.

నిరుడు రంజాన్‌కు ముందు అక్కకు కడుపులో గడ్డ అని తేలింది. సొంత దేశానికి పంపేసే ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు వచ్చేసరికి విమానం ఎక్కే ఓపిక పోయింది. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది.

"ఇంక ఊరికి పోలేను చెల్లీ. మా కొండ టీ ఒక్క కప్పు తెచ్చియ్యి."

మర్నాడు మధ్యాహ్నం ఆస్పత్రికి బయల్దేరేటప్పుడు ఇంటి డ్రైవరు ఒకటే హారన్ కొడుతున్నాడు. నాకేమో జలుబుతో ముక్కు దిబ్బడ. రెండో అర చివరి డబ్బా తీసి, ఆకు వైపైనా చూడకుండా టీ కాచి, ఫ్లాస్కులో పోసుకుని పరుగెత్తాను.

అక్కను లేపి కూర్చోబెట్టాను. రెండు గుక్కలు తాగి కళ్లు మూసుకుంది. "మా కొండదే. గాలి వచ్చిండాది" అంది. వారం రోజులుగా మంచినీళ్లే దిగని మనిషి కప్పు మొత్తం తాగింది.

తెల్లారి ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. అక్క పోయింది.

ఏడుస్తూనే బాబాకు టీ పెట్టబోయాను. రెండో అరలో చెయ్యి పెడితే బాబా భార్య, మా మేడం చెప్పింది. రంజాన్ వస్తోందని అల్మరా కడిగి డబ్బాలు మార్చిందట. అక్కడున్నది రుహునా, కొత్తగా వచ్చిన ఊవా డబ్బా అడుగు అరలో ఉంది. తీసి చూస్తే మూత చుట్టూ దుకాణంలో వేసిన టేపు వేసినట్టే ఉంది. ఇంట్లో వేరే ఊవా లేదు.

గుండె పగిలిపోయింది. పోయే ప్రాణం అడిగిన ఒక్క కప్పూ సరిగ్గా ఇవ్వలేకపోయాను. నేను బాధపడతానని అబద్ధమాడి తాగిందే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

కడుగుదామని ఫ్లాస్కు మూత తీశాను. అడుగున కొంచెం టీ మిగిలి ఉంది. దిబ్బడ వేసిన నా ముక్కుకే ఆ చల్లని వాసన తగిలింది.

గుమ్మం దగ్గరున్న బాబా లోపలికి వచ్చాడు. ఏళ్ల తరబడి రుచి చూసి టీ కొనే మనిషి. కప్పులో పోయించుకుని నాలుక మీద ఆడించాడు. "ఊవా. గాలి నెలలది. కొత్త డబ్బా ఎందుకు తెరిచావు?" అన్నాడు అరబీలో. టేపు తియ్యని డబ్బా చూపించి, జరిగింది చెప్పాను. రుహునా డబ్బా తెరిచి ఆకు నలిపి చూశాడు. అది రుహునానే. కప్పు కింద పెట్టి వెళ్లిపోయాడు.

ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అంతు దొరకలేదు. ఆ ఫ్లాస్కులో కాచి పోసింది నేనే, ఆస్పత్రిలో అది నా ఒళ్లోంచి కదల్లేదు.

నెల తర్వాత అక్క కూతురికి ఫోన్ చేశాను. ఆ పిల్లా అదే తోటలో ఆకు కోస్తుంది. మీ అమ్మ చివరగా మీ కొండ టీనే తాగింది పాపా, తృప్తిగా పోయింది అని చెప్పాను. ఆ పిల్ల అరవంలో మెల్లగా అడిగింది.

"అదెట్లుంటాది చిన్నమ్మా? మంచి ఆకంతా బయటి దేశాలకు పోతాది, ఇక్కడ మాకు దొరికేది దుమ్ము పొడే. ఆ మంచి ఆకు టీ నేనెప్పుడూ తాగలేదు."

ఆ ఫ్లాస్కులోకి ఊవా టీ ఎలా వచ్చిందో ఈ రోజుకీ చెప్పలేను. అది ఎలా ఉంటుందో ఆ పిల్లకూ చెప్పలేక, ఫోన్ పట్టుకుని ఏడ్చాను.