ఇంట్లో ప్రాబ్లం మేడమ్

ఆ దినాల్లో నాకొక మొండి నమ్మకం ఉండేది. ఎవర్నైనా సరే, ఎదురుగా కూర్చోబెట్టుకొని నిదానంగా అడిగితే నిజం చెప్పేస్తారని. అప్పుడే చదువు ముగించి, గౌనిపల్లి పక్కన మా మామిడి తోట వదిలిపెట్టి, కోలారులో పిన్ని ఇంట్లో దిగి, కార్లకు వైర్లు అల్లే ఒక ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ ఉద్యోగానికి చేరినాను. (హెచ్‌ఆర్ అంటే ఏమని మా నాయన అడిగితే, మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకునే పని అన్నాను. ‘నిన్ను తీసుకున్నోళ్లు ఆ పని సరిగ్గా చేసినట్టు లేదే’ అన్నాడు.) ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లలో ఎవర్ని ఎందుకు వద్దన్నామో, మేము సరేనన్నాక ఎవరు మమ్మల్ని ఎందుకు వద్దన్నారో కంప్యూటర్లో ఎక్కించేది నా వంతు. మేము వద్దన్నవాళ్లతో చిక్కు లేదు. ఎర్రవైరుకూ పచ్చవైరుకూ తేడా తెలియనివాణ్ని వద్దనక ఏం చేస్తాం? చిక్కంతా మమ్మల్ని వద్దన్నవాళ్లతోనే. బంగారు గనులు మూతపడిన కేజీఎఫ్ నుంచి వచ్చే పిల్లలు పరీక్ష బ్రహ్మాండంగా రాస్తారు, నవ్వుతా ఉద్యోగం ఆర్డరు తీసుకుంటారు, చేరాల్సిన దినం మాత్రం రారు. ఫోన్ చేస్తే అందరిదీ ఒకే పాట: ‘ఇంట్లో ప్రాబ్లం మేడమ్.’

మా మేనేజరును మేము చాటుగా ‘కారణం సారు’ అనేవాళ్లం. టీ చల్లారిపోయినా కారణం ఏమని అడిగే మనిషి. అట్లాంటాయన కేజీఎఫ్ దగ్గరికి వచ్చేసరికి ఏమీ అడగడం మానేసినాడు. “ఆ పక్క పిల్లలకు పని చేసే మనసు లేదమ్మా. వచ్చే నెల నుంచి ఆడ ఇంటర్వ్యూలే వద్దు. కాంట్రాక్టరు బయట రాష్ట్రం నుంచి మనుషుల్ని తెస్తానంటా ఉండాడు” అన్నాడు.

“కారణం తెలుసుకోకుండానే ఎట్ల సార్?”

“నువ్వే రాసినావు కదా, ఇంట్లో ప్రాబ్లం అని.”

“ఊరంతా ఒకేసారి ఇంట్లో ప్రాబ్లం వస్తాదా సార్?”

ఆయన చేతి గడియారం చూసుకొని, “ఆదివారం నీ సొంతం. పోయి కనుక్కో” అన్నాడు. ఎగతాళికే అన్నాడని ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు నాకది ఆఫీసు ఉత్తరువు మాదిరి వినిపించింది.

ఆదివారం బంగారుపేటలో ట్రైన్ ఎక్కి కేజీఎఫ్ చివరి స్టేషను మారికుప్పంలో దిగినాను. పరీక్షలో అందరికన్నా ముందు నిలిచిన ఒక పొడుగు పిల్లోడి ఇల్లు వెతుక్కుంటా పోయినాను. ఒకప్పటి గని కూలీల లైన్ ఇండ్లు, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టు వరసగా ఉంటాయి. వాకిట్లో వాళ్లవ్వ రాగులు చెరుగుతా ఉండాది. మనమడు యాడికో పోయినాడంట. సరే, పెద్దోళ్లతోనే మాట్లాడదామని మొదలుపెట్టినాను.

“నేను కోలారు నుంచి వచ్చినాను అవ్వా. మీ వాడు నన్ను చూసి, మాట్లాడి, అన్నిటికీ సరేనన్నాడు. నవ్వుకుంటా సంతకం కూడా పెట్టినాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఇంట్లో ప్రాబ్లం అంటాడు.”

అవ్వ చేట కింద పెట్టింది. “సంతకమా?”

“అవును అవ్వా. నెలంతా ఎదురు చూస్తానే ఉండాను. మాటిచ్చి ఇట్ల వదిలేస్తే ఎట్ల? మీకు ఏం అడ్డముండాదో చెప్పండి, మా పెద్దోళ్లతో మాట్లాడి సర్దుతాను.”

“అయ్యో కడవులే!” అని అవ్వ అరవంలో దేవుణ్ని తలుచుకొని గుండె మీద చెయ్యి పెట్టుకొనింది. వెంటనే నన్ను లోపలికి పిలిచి, స్టూలు తుడిచి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నొసట కుంకుమ పెట్టింది. పక్కిండ్ల ఆడోళ్లు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో నిలబడినారు. మీది ఏ ఊరు, నాయన ఏం చేస్తాడు, తోట ఉండాదా అని ఒకటే ప్రశ్నలు. కేజీఎఫ్ జనం ఎంత మంచోళ్లు, ఈ మర్యాద మా ఆఫీసులో యాడుంది అనుకుంటా అన్నిటికీ సంతోషంగా జవాబు చెప్పినాను. “వాడు చూస్తే తాటిచెట్టు, ఈ పాపేమో ఇంతుండాది, ఫోటోలో ఎట్ల వస్తారో” అని ఒకామె మెల్లగా అనింది. అందరూ కలిసి ఫోటో తీసుకుంటారేమోనని నేను జడ కూడా సరిచేసుకున్నాను.

అంతలో పొడుగు పిల్లోడు నీళ్ల బిందెతో వచ్చినాడు. అవ్వ మూలనున్న చీపురు పొరక అందుకొనింది. “సంతకం పెట్టి పిల్లను నెలంతా వీధిలో నిలబెడతావా రా!” అని ఒకటి వేసింది. బిందె ఒక పక్క, నీళ్లు ఒక పక్క. వాడు నన్ను చూసి, “మేడమ్! మీరా!” అని అరిచినాడు.

“కట్టుకున్నదాన్ని మేడమ్ అంటావేమిరా!” అని అవ్వ ఇంకొకటి వేసింది.

అప్పుడు వెలిగింది నాకు. స్టూలు మీద నుంచి లేచి, “అవ్వా, ఉద్యోగం! ఉద్యోగానికి సంతకం, పెండ్లికి కాదు!” అని కేకలు పెట్టినాను. వీధి వీధంతా నవ్వింది. అవ్వ ఒక్కటే నవ్వలేదు. పొరక పట్టుకొని నిలబడి, “అదన్నా నిజమేనా?” అని కొంచెం దిగులుగా అడిగింది.

నవ్వులు సద్దుమణిగినాక పిల్లోడు వీపు రుద్దుకుంటా అసలు సంగతి చెప్పినాడు. “నేను వచ్చినాను మేడమ్. చేరాల్సిన దినం ఇంగా తెల్లారకముందే మొదటి ట్రైన్ ఎక్కినాను. బంగారుపేటలో దిగి బయటికి వచ్చేసరికి కంపెనీ బస్సు పోతా ఉండాది. మర్నాడూ అంతే. ఆటోలో పోతే గేటు కాడ లేటని నిలిపేసినారు.”

“ఆ మాట ఫోన్లో చెప్పచ్చు కదప్పా?”

“మొదటి దినమే లేటంటే సోమరి అనుకుంటారు మేడమ్. ఇంట్లో ప్రాబ్లం అంటే కొంచెం మర్యాదగా ఉంటాది.”

ఆ లైన్లోనే ఇంకా నలుగురైదుగురిని అడిగినాను. అందరికీ అదే ట్రైను, అదే బస్సు, అదే మర్యాద.

సోమవారం సారుకు చెప్తే, “ముందు ట్రైన్లో రమ్మను” అన్నాడు. అదే మొదటి ట్రైను, దానికన్నా ముందు ఇంకోటి లేదన్నాను. సాకులన్నాడు. నేను వదల్లేదు. పొద్దున ఆయన బ్యాగు కింద పెట్టకముందే ఎదురుగా నిలబడి, “ఒక్క దినం నాతో ట్రైన్లో రాండి సార్” అనేదాన్ని. భోజనం డబ్బా తెరిస్తే అదే మాట, గుమ్మం దాటితే అదే మాట. (పిన్ని అయితే, ‘వచ్చిన ఉద్యోగం ఊడగొట్టుకొనేదాకా నిద్రపోవు నువ్వు’ అనింది.) ఆఖరికి నా పీడ వదిలించుకోడానికే ఒప్పుకున్నాడాయన. ఆఫీసు కారు మమ్మల్ని తెల్లవారుజామున మారికుప్పంలో దించి వెళ్లిపోయింది.

ట్రైన్ చెప్పిన టైముకే బయల్దేరింది, చెప్పిన టైముకే బంగారుపేట చేరింది. తప్పు దానిది కాదు. మేము వంతెన ఎక్కి దిగి బయటపడేసరికి బస్సు కదులుతా ఉండాది. సారు పరుగెత్తినాడు. ఒక చేత బ్యాగు, ఒక చేత భోజనం డబ్బా, “ఏయ్, నేను మేనేజర్‌ను! మేనేజర్‌ను!” అని కేకలు. డ్రైవరు అద్దంలో చూసి, ఎవరో పాపమని చెయ్యి ఊపి పోయినాడు. ఆటో పట్టుకొని ఫ్యాక్టరీ చేరితే, గేటు కాడ కొత్త వాచ్‌మేన్. “లేటైనోళ్లను లోపలికి వదలద్దని మేనేజరు సారు ఆర్డర్” అన్నాడు, సారుతోనే.

నేను నవ్వలేదు. ఎట్ల బిగపట్టుకున్నానో నాకే తెలీదు. సారు వాచ్‌మేన్ కుర్చీలో కూలబడి చెమట తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా, “కారణం బస్సు అని రాయమ్మా” అన్నాడు.

ఆ వారంలోనే బస్సు టైము మారింది. ట్రైన్ వచ్చేదాకా ఆగాలని డ్రైవరుకు చెప్పినారు. కాంట్రాక్టరు మాట మళ్లీ ఎత్తలేదు. కేజీఎఫ్ పిల్లలు చేరే మొదటి దినం నేను బంగారుపేట స్టేషన్ బయట కాపలా కాసినాను. పొడుగు పిల్లోడు అందరికన్నా ముందు దిగినాడు, వెనకనే వాళ్లవ్వ. మనమడు బస్సెక్కేది కండ్లారా చూస్తే గానీ నమ్మనని వచ్చిందంట. వాడు సీటులో కూర్చున్నాక అవ్వ నా చెయ్యి పట్టుకొని, “అది సరే పాపా, నీకు పెండ్లి ఎందుకు కాలేదు?” అని అడిగింది.

ఊరందరి కారణాలు అడగడానికి ఇల్లిల్లూ తిరిగినదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకు బస్సు పోతాదని సాకు చెప్పి పరుగెత్తినాను. ఇన్నేళ్ల తర్వాత అప్పటి నన్ను, ఆ పొట్టి పిల్లను, వెనక నుంచి పిలిచి, కొంచెం నిలబడమ్మా, పెద్దావిడ అడిగినదానికి జవాబు చెప్పిపో అనాలనిపిస్తుంది. పిలిచినా ఆగేది కాదులే. దానికి పనుండాది.